ఎర్ర లైటు చెప్పేది, ముల్లు చూపేది

హైదరాబాద్‌లో ఇందిరా పార్కు వైపు నుంచి అశోక్ నగర్ చౌరస్తా మీదుగా చిక్కడపల్లికి, నారాయణగూడకు రోజంతా చిన్న సరుకు బండ్లు తిరుగుతూనే ఉంటాయి. కోచింగ్ సెంటర్లకు పుస్తకాల కట్టలు, హాస్టళ్లకు నీళ్ల క్యాన్లు, మెస్సులకు బియ్యం బస్తాలు మోసేది అవే. వాటిలో పాత డీజిల్ పికప్‌లూ ఉన్నాయి. అలాంటి బండ్లు మన దగ్గరే తయారైన కాలం కూడా ఉంది. 1980లలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరుతో చిన్న ట్రక్కులు తయారయ్యేవి. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చింది.

ఆ తరం డీజిల్ ఇంజిన్‌లో కంప్యూటర్ లేదు. పంపు, నాజిళ్లు, గొట్టాలు అన్నీ యంత్రభాగాలే. ఆయిల్ అయిపోయినా, నీళ్లు మరిగిపోయినా ఇంజిన్ తనంతట తాను ఆగదు. డీజిల్ అందుతున్నంతసేపు పట్టేసేదాకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని కాపాడాల్సింది డ్రైవరు. డ్రైవరుకు సంగతి చెప్పాల్సింది మీటర్ బోర్డు.

చాలా పాత బండ్లలో ఆ బోర్డు మీద వేగానికో ముల్లు, డీజిల్‌కో ముల్లు కనిపిస్తాయి. మిగతా కబుర్లు ఎర్ర లైట్లవే. ఆయిల్ డబ్బా బొమ్మ, బ్యాటరీ బొమ్మ, కొన్నిటిలో వేడిని తెలిపే థర్మామీటర్ బొమ్మ. ఒకసారి ఇంజిన్ పట్టేసి రీబోరింగ్ ఖర్చు మీద పడ్డాక యజమాని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి అడిగే మాట ఒకటే: "ఈ లైట్లన్నీ తీసేసి మీటర్లు బిగించన్నా." ఆ కోరికలో సగం సరైనది, సగం ప్రమాదకరమైనది. ఎందుకో తెలియాలంటే లైటు ఏం కొలుస్తుందో, ముల్లు ఏం కొలుస్తుందో విడివిడిగా చూడాలి.

లైటు వెనక ఉన్నది స్విచ్చు

ఇంజిన్ బ్లాకుకు బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి మరతో బిగించి ఉంటుంది. దాని లోపల పల్చటి డయాఫ్రం, వెనక ఒక స్ప్రింగు. ఆయిల్ ఒత్తిడి డయాఫ్రాన్ని ఒకవైపు నెడుతుంది, స్ప్రింగు రెండోవైపు నెడుతుంది. ఒత్తిడి చాలినంత ఉంటే కాంటాక్టులు విడిపోయి లైటు ఆరుతుంది. ఒత్తిడి పడిపోతే స్ప్రింగు గెలుస్తుంది, కాంటాక్టులు కలుస్తాయి, లైటు వెలుగుతుంది.

ఈ స్విచ్చు మారే హద్దు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 0.3 నుంచి 0.5 కిలోల మధ్య ఉంటుంది. వేడెక్కిన ఆరోగ్యమైన ఇంజిన్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు రెండు నుంచి నాలుగు కిలోల ఒత్తిడి చూపిస్తుంది. అంటే మూడు కిలోల దగ్గరి నుంచి అర కిలో దాకా దిగజారే దారి అంతటా ఆ లైటు నోరు మెదపదు. మూడు ఉన్నా, ఒకటి ఉన్నా దానికి ఒకటే.

ఈ తేడా అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. ఎంపిక జాబితాలో హాల్ టికెట్ నంబరు ఉందా లేదా అన్నది ఒక కబురు. ఎన్ని మార్కులు వచ్చాయి, కటాఫ్‌కు ఎంత దూరంలో ఉన్నాం, పోయినసారికీ ఈసారికీ పెరిగామా తగ్గామా అన్నది మరో కబురు. మొదటిది తీర్పు మాత్రమే. రెండోది దారి చూపిస్తుంది.

ఆయిల్ విషయంలో ఆ దారి ఎందుకంత ముఖ్యమో చూద్దాం. క్రాంక్ షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. ఆ సందులోకి పంపు ఆయిల్‌ను నెడుతుంది. షాఫ్టు తిరిగే వేగానికి ఆయిల్ తనంతట తానే చీలికలా కిందికి దూరి షాఫ్టును పైకి ఎత్తి పట్టుకుంటుంది. లోహం లోహాన్ని తాకదు, షాఫ్టు ఆయిల్ పొర మీద తేలుతుంది. బేరింగు అరిగి సందు పెరిగితే ఆయిల్ తేలిగ్గా పక్కకు కారిపోతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఆయిల్ పాతబడి పల్చబడినా, వేడికి నీళ్లలా అయిపోయినా అంతే. ఈ అరుగుదల ఒక్క పూటలో రాదు, నెలల తరబడి సాగుతుంది. ముల్లు ఉంటే ఆ నెలలన్నీ డ్రైవరు చేతిలో ఉంటాయి. లైటు ఒక్కటే ఉంటే చివరి కొన్ని నిమిషాలు, ఒక్కోసారి చివరి కొన్ని క్షణాలు మాత్రమే మిగులుతాయి.

ముల్లును కదిలించే మూడు ఉపాయాలు

ఒత్తిడిని ముల్లుగా మార్చిన ఘనత ఫ్రాన్సుకు చెందిన యూజీన్ బోర్డన్‌ది. 1849లో ఆయన పేటెంటు తీసుకున్న ఉపాయం ఇంత సులువు: నొక్కినట్టుండే బోలు గొట్టాన్ని కొడవలిలా వంచి, ఒక కొస మూసేయాలి. లోపల ఒత్తిడి పెరిగితే గొట్టం కొంచెం నిటారవుతుంది. ఆ కొస కదలికను చిన్న పళ్ల చక్రంతో ముల్లుకు అందిస్తే మీటరు సిద్ధం. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ లేకపోయినా పనిచేస్తుంది. కానీ ఇంజిన్ నుంచి వేడి ఆయిల్ మోసుకొచ్చే సన్నటి గొట్టం క్యాబిన్‌లోకి రావాలి. రాగి గొట్టం అదురుకు చిట్లకుండా మధ్యలో ఒక చుట్టు చుట్టి వదలాలి. ఎక్కడైనా పగిలితే కాలే ఆయిల్ డ్రైవరు కాళ్ల మీద పడుతుంది.

రెండో ఉపాయం విద్యుత్తుది. ఇంజిన్ దగ్గర స్విచ్చు బదులు సెండర్ పెడతారు. అందులో ఒత్తిడి డయాఫ్రాన్ని నెడితే, దానికి కట్టిన కాంటాక్టు ఒక రెసిస్టెన్స్ తీగ మీద జరుగుతుంది. ఎన్ని ఓములున్నాయన్న దాన్నిబట్టి మీటరులోని కరెంటు మారుతుంది, ముల్లు కదులుతుంది. వేడి కొలిచే సెండర్‌లో జరిగే భాగమేదీ లేదు, థర్మిస్టర్ ఉంటుంది. అది అర్ధవాహకం. వేడెక్కేకొద్దీ అందులో కరెంటు మోసే ఎలక్ట్రాన్లు ఎక్కువగా విడుదలై రెసిస్టెన్స్ పడిపోతుంది. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో 40 డిగ్రీల దగ్గర దాదాపు 290 ఓములు ఉంటే, 120 డిగ్రీల దగ్గర 22 ఓముల పైచిలుకు మాత్రమే మిగులుతాయి.

మూడోది ఆ కరెంటును కదలికగా మార్చే పద్ధతి. పాత మీటర్లలో రెండు లోహాలు అతికించిన పట్టీ మీద సన్నటి తీగ చుట్టి ఉంటుంది. కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది, రెండు లోహాలు వేర్వేరుగా వ్యాకోచించి పట్టీ వంగుతుంది, ముల్లును తోస్తుంది. తాళం తిప్పగానే ఈ ముల్లు నింపాదిగా లేవడానికి కారణం అదే. బ్యాటరీ వోల్టేజి మారినా రీడింగ్ మారకుండా వీటికి వెనక ఒక స్టెబిలైజర్ పెట్టి సగటున 10 వోల్టులు ఇస్తారు. డీజిల్ ముల్లు, వేడి ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తే ట్యాంకునో రేడియేటర్‌నో అనుమానించకముందు ఆ స్టెబిలైజర్‌ను చూడాలి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది అదొక్కటే.

ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. మీటరు, సెండర్ జతగా పుట్టాలి. ఒక జాతి ఒత్తిడి సెండర్లు సున్నా ఒత్తిడి దగ్గర 10 ఓములు, గరిష్ఠం దగ్గర 180 ఓముల పైచిలుకు చూపిస్తాయి. మరో జాతి సున్నా దగ్గర 240, గరిష్ఠం దగ్గర 33 ఓములు చూపిస్తుంది. రాణిగంజ్‌లో ఒక షాపులో మీటరు, ఇంకో షాపులో సెండర్ కొని ఈ రెండు జాతుల్ని కలిపితే లెక్క తలకిందులవుతుంది. ఆయిల్ ఒత్తిడి సున్నా అయినప్పుడు ముల్లు నిండుగా చూపిస్తుంది. లైటు తీసేసిన బండిలో అది ఇంజిన్‌కు మరణశాసనం.

హైదరాబాద్‌లో నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి?

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి అంతమేరకు తక్కువ కాబట్టి ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత ఈ హద్దును పైకి నెడుతుంది. మూతలోని స్ప్రింగు 0.9 కిలోల ఒత్తిడిని పట్టి ఉంచితే లోపలి నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. అందుకే వాచరు పాడైన మూత, చూడటానికి బాగానే ఉన్నా, బండికి 20 డిగ్రీల భద్రతను పోగొడుతుంది.

నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకునేది సాధారణంగా 80 డిగ్రీల పైన. మంచి ఇంజిన్ 80, 95 మధ్య తిరుగుతుంది. వేడి లైటు చాలా బండ్లలో 105 దాటాకే వెలుగుతుంది. ఈ నడిమి పది, ఇరవై డిగ్రీలలోనే అసలు కథ జరుగుతుంది. మన ఊళ్లో రేడియేటర్లలో బోరు నీళ్లు పోయడం మామూలు. ఆ నీళ్లలోని లవణాలు వేడికి విడిపడి గొట్టాల లోపల సున్నపు పొరలా పేరుకుంటాయి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. పోయిన ఎండాకాలం ఇందిరా పార్కు దగ్గర స్టీల్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు 88 చూపిన ముల్లు, అదే బరువుతో ఈ ఎండాకాలం 98 చూపిస్తే రేడియేటర్ శుభ్రం చేయించే సమయం వచ్చిందన్నమాట. లైటు ఆ రెండు ఎండాకాలాల్లోనూ ఆరిపోయే ఉంటుంది. అది వెలిగే నాటికి హెడ్ వంగి ఉండవచ్చు, గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు.

ముల్లుకూ ఒక గుడ్డితనం ఉంది. సెండర్ నీళ్లలో మునిగి ఉంటేనే నీళ్ల వేడి చెబుతుంది. హోసు పైపు పగిలి నీళ్లన్నీ కారిపోతే సెండర్ చుట్టూ మిగిలేది గాలి, ఆవిరి. అప్పుడు లోహం కాలిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. నడుస్తున్న బండిలో వేడి ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకూడదు. పక్కకు ఆపి చూడాలి. వెంటనే మూత మాత్రం తీయకూడదు. ఒత్తిడి తగ్గగానే 98 దాటిన నీళ్లు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

బ్యాటరీ లైటు చేసే రెండో పని

మూడు లైట్లలో తీసేయడానికి అసలు వీల్లేనిది బ్యాటరీ బొమ్మది. పాత ఆల్టర్నేటర్లలో అది చూపించే లైటు మాత్రమే కాదు, సర్క్యూట్‌లో భాగం.

ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించాలంటే దాని రోటర్ ముందు అయస్కాంతం కావాలి. రోటర్ అయస్కాంతం కావాలంటే దానికి కొంచెం కరెంటు కావాలి. ఇంజిన్ స్టార్టయ్యే క్షణంలో ఆ తొలి కరెంటు ఇచ్చేది ఈ బల్బే. బ్యాటరీ నుంచి బల్బు గుండా సుమారు ఆంపియరులో ఐదో వంతు రోటర్‌కు చేరుతుంది. ఆల్టర్నేటర్ పుంజుకోగానే బల్బుకు రెండువైపులా వోల్టేజి సమానమవుతుంది. తేడా లేని చోట కరెంటు పారదు, లైటు ఆరుతుంది. లైటు ఆరడమంటే రెండు వైపులా సమానమని అర్థం. ఈ బల్బు తీసేసి వోల్టుమీటరు బిగిస్తే కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్ ఛార్జింగే మొదలుపెట్టదు, లేదా గట్టిగా రేస్ ఇస్తే తప్ప మేల్కోదు. ఎలక్ట్రీషియన్ ఆల్టర్నేటర్ విప్పి వెతుకుతాడు, తప్పు మాత్రం మీటర్ బోర్డులో ఉంటుంది.

ఆ లైటుకు తెలియనిదీ ఒకటుంది. రెగ్యులేటర్ చెడి ఆల్టర్నేటర్ 15.5 వోల్టులు పంపినా రెండువైపులా సమానమే కాబట్టి లైటు వెలగదు. బ్యాటరీ మాత్రం ఉడికిపోతుంది. దీనికి వోల్టుమీటరు కావాలి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి.

కొందరు పాత పద్ధతిలో ఆంప్‌మీటరు అడుగుతారు. వోల్టుమీటరు పక్కన నిలబడి చూసేది. దానికి సన్నటి తీగ, ఒక చిన్న ఫ్యూజు చాలు. ఆంప్‌మీటరు అలా కాదు, స్టార్టర్‌ది తప్ప బండి కరెంటంతా దాని గుండానే పోవాలి. లావు తీగలు క్యాబిన్‌లోకి రావాలి. దాని వెనక నట్టు వదులై 0.05 ఓముల అడ్డు ఏర్పడితే, 40 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ పుట్టే వేడి 80 వాట్లు. ప్లాస్టిక్, రెక్సిన్ మధ్య 80 వాట్ల వేడి మంటకు దారి తీస్తుంది. ఈనాటి బండికి వోల్టుమీటరే మేలు.

బ్యాటరీ లైటు ఇంకో కబురూ మోస్తుంది. చాలా బండ్లలో ఆల్టర్నేటర్‌ను, నీళ్ల పంపును తిప్పేది ఒకే ఫ్యాన్ బెల్టు. అది తెగితే వేడి ముల్లు లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, బ్యాటరీ లైటు అప్పటికప్పుడే వెలుగుతుంది. నడుస్తుండగా ఆ లైటు వెలిగితే "ఇంటికెళ్లాక చూద్దాం" అనుకోకూడదు.

లైట్లు ఎందుకొచ్చాయి, ఎక్కడ మోసం చేశాయి

మొదటి తరం మోటారు బండ్లలో ముళ్లే ఉండేవి. 1912లో అమెరికాలో హారిసన్ బాయిస్ పేటెంటు పొందిన థర్మామీటరు రేడియేటర్ మూత మీదే నిలబడేది. డ్రైవరు అద్దంలోంచి దాన్ని చూస్తూ నడిపేవాడు. ఎర్ర లైట్లను 1930లలో హడ్సన్ కార్లు ముందుగా తెచ్చాయి. మీటరు, సెండర్ జత కంటే బల్బు, స్విచ్చు చౌక. బండ్లు లక్షల్లో తయారవుతున్నకొద్దీ లైట్లు నిలదొక్కుకున్నాయి.

చౌక ఒక్కటే కారణమంటే లైటుకు అన్యాయం చేసినట్టే. ముల్లు మనం చూస్తేనే చెబుతుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ రద్దీలో డ్రైవరు కళ్లు ఆటోల మీద, బైకుల మీద ఉంటాయి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఊడిపోతే ఒత్తిడి చూస్తుండగానే సున్నాకు వస్తుంది. ఆ క్షణంలో కంటి కొసకు తగిలి పిలిచేది ఎర్ర వెలుగే.

కానీ లైటు ఏ తీగకు కట్టి ఉందో ఆ సంగతే చెబుతుంది, అంతకు మించి చెప్పదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని లైటు ఆరిపోయి ఉంది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. నిజానికి ఆ లైటు వాల్వు స్థితికి కట్టి లేదు, వాల్వును తెరిచి ఉంచే విద్యుత్తుకు కట్టి ఉంది. మూసుకొమ్మన్న ఆజ్ఞ వెళ్లింది, వాల్వు మాత్రం మూసుకోలేదు. రెండు గంటలకు పైగా నీళ్లు బయటికి పోతూనే ఉన్నాయి, రియాక్టర్ లోపలి ఇంధనం దాదాపు సగం కరిగింది.

ముళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. 1980ల చివర్లో ఫోర్డ్ కంపెనీ తన పికప్‌లలో ఆయిల్ ముల్లు వెనక సెండర్ తీసేసి మామూలు స్విచ్చు, ఒక రెసిస్టర్ పెట్టింది. ఒత్తిడి ఆరేడు పీఎస్ఐ, అంటే అర కిలో దాటితే చాలు, ముల్లు నడిమధ్యకు వచ్చి నిలుచుంటుంది. వేషం ముల్లుది, చేసే పని లైటుది. ముల్లు కనిపించినంత మాత్రాన కొలత జరుగుతోందని నమ్మకూడదు. చల్లటి ఇంజిన్‌లోనూ వేడి ఇంజిన్‌లోనూ, ఐడిల్‌లోనూ రేస్‌లోనూ ఆయిల్ ముల్లు ఒకే చోట నిలిస్తే అది కొలవడం లేదు.

బిగించేటప్పుడు

కాబట్టి చేయాల్సింది మార్పిడి కాదు, చేర్పు. ఆయిల్ స్విచ్చు విప్పిన చోట ఇత్తడి 'టీ' జాయింటు బిగించి, ఒక కొమ్మకు పాత స్విచ్చు, ఇంకో కొమ్మకు కొత్త సెండర్ పెట్టించండి. లైటు అలాగే ఉంటుంది, ముల్లు వచ్చి చేరుతుంది. మర కొలత సరిపోయిందో లేదో ముందే చూసుకోవాలి. బలవంతంగా తిప్పితే బ్లాకులోని మర పోతుంది.

ఒంటి తీగ సెండర్‌కు ఎర్త్ దాని ఒంటి నుంచే, ఆ మర గుండానే అందుతుంది. ఆయిల్ కారకూడదని మర నిండా టెఫ్లాన్ టేపు చుట్టేస్తే ఎర్త్ తెగుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. 10 నుంచి 180 ఓముల రకంలో రెసిస్టెన్స్ పెరిగితే ఒత్తిడి ఎక్కువగా కనిపిస్తుంది. థర్మిస్టర్‌లో రెసిస్టెన్స్ పెరిగితే వేడి తక్కువగా కనిపిస్తుంది. రెండు తప్పులూ డ్రైవరును నిద్రపుచ్చేవే.

పని అయ్యాక రెండు పరీక్షలు చేయండి. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు వెలగాలి, ఆయిల్ ముల్లు సున్నా దగ్గర ఉండాలి. వెలగని లైటు అంటే బల్బు పోయిందనో తీగ తెగిందనో అర్థం. రెండోది, నడిచొచ్చిన వేడి ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి చూసి, తర్వాత రేస్ ఇచ్చి చూడండి. ఆయిల్ ముల్లు లేచి, రేస్ వదలగానే దిగాలి.

చివరిగా ఒక మనవి. ముల్లు చూపే అంకెకు విలువ వచ్చేది నిన్నటి అంకె తెలిసినప్పుడే. బండి బాగున్న రోజునే ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: వేడి ఇంజిన్ ఐడిల్‌లో ఆయిల్ ఒత్తిడి, రోడ్డు వేగంలో ఆయిల్ ఒత్తిడి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు నీళ్ల వేడి, హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు వోల్టులు. తేదీ వేసి సన్‌వైజర్ వెనక పెట్టండి. నెలకొకసారి పక్కన కొత్త అంకెలు రాయండి. బండిని మీరు కాక జీతానికి పెట్టుకున్న డ్రైవరు నడుపుతుంటే ఆయనకూ ఈ అంకెల అర్థం చెప్పండి, ఎర్ర లైటు వెలిగితే సరుకు ఆలస్యమైనా సరే బండి ఆపే అధికారం ఆయనకు ఇవ్వండి.